నీళ్ళు కాచి తాగండి

ఆడపిల్లల హాస్టలు,
ఆగస్టు 9

అమ్మకి,

నీ కూతురు దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారనీ, నీ మోకాలి నొప్పి మందుకి లొంగిందనీ అనుకుంటున్నాను. లొంగకపోతే లొంగలేదనే రాయి. నువ్వు "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని రాసిన ప్రతిసారీ తమ్ముడు వెనకాలే ఒక కార్డు ముక్క పడేసి నిజం చెప్పేస్తున్నాడు.

ఫోను చెయ్యమన్నావు కానీ, మీ ఆఫీసు ఫోను పెద్దగుమాస్తా బల్ల మీద ఉంటుంది. మనం నాలుగు మాటలు మాట్లాడుకుంటే అందులో రెండు ఆయన చెవిలోనే పడతాయి. ఉత్తరమే నయం. దీన్ని ఇంటికెళ్ళాక తీరిగ్గా కూర్చుని చదువుకో.

ఎమ్మే రెండో సంవత్సరం మొదలైంది. తరగతి సగానికి సగం ఖాళీ. బ్యాంకు పరీక్షలకని కొందరూ, పెళ్ళికని ఇద్దరూ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం ముందు బెంచీల్లో సర్దుకుని కూర్చుంటున్నాం. నా గదిలో ఉండే బోటనీ పిల్ల నా లావుపాటి పుస్తకాలన్నిట్లోనూ ఆకులు పెట్టి ఆరబెడుతోంది. చరిత్ర వల్ల లోకానికి ఉన్న ఉపయోగం అదొక్కటేనట.

మా మేడం గురించి చెప్పాలి. మనిషి పొట్టి, గొంతు మెత్తన, ఎర్రసిరా మాత్రం ఘాటు. పోయిన నెల నేనిచ్చిన వ్యాసంలో "పన్నులు పెంచబడ్డాయి, రైతులు వెళ్ళగొట్టబడ్డారు" అని రాశాను. ప్రతి "బడ్డా" కిందా గీత గీసి, పక్కన "ఎవరు?" అని రాశారు. పిలిచి, "అమ్మాయ్, నువ్వు బడికి వచ్చింది ఈ 'బడు'లు నేర్చుకోడానికి కాదు. పన్ను తనంతట తను పెరగదు, ఎవడో పెంచుతాడు. వాణ్ణి వాక్యంలోకి లాక్కురా" అన్నారు. ఆ రోజు నుంచి ఏం చదివినా నాకు "బడు"లే కనబడుతున్నాయి. ఇదిగో, ఇక్కడా వచ్చింది.

ఇక అసలు సంగతి. చివరి సంవత్సరం మేమందరం ఒక విషయం తీసుకుని సొంతంగా పరిశోధన చేసి చిన్న పుస్తకమంత రాసివ్వాలి. దాని మీద వైవా పెడతారు. అది గట్టెక్కితేనే డిగ్రీ. నేనేం తీసుకున్నానో తెలుసా? మనం ఇదివరకు ఉన్న ఊళ్ళో కామెర్లు వచ్చి జనం చచ్చిపోయారే, అది. నాన్నని తీసుకుపోయిన జబ్బు.

నువ్వు ఎప్పుడడిగినా ఒక్క మాటే చెప్పేదానివి. నాన్న నీళ్ళ పంపు దగ్గర ఆపరేటరు, ఊరంతా కామెర్లు వచ్చినప్పుడు ఆయనకీ వచ్చాయి, పోయాడు. అంతకంటే నేనూ అడగలేదు. ఇక్కడి లైబ్రరీలో పాత పేపర్లన్నీ బైండు చేసి ఉన్నాయి. తిరగేశాను. ఆ ఏడు ఆ ఊళ్ళో పోయినవాళ్ళలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళే ఎక్కువ. ఆ జాతి కామెర్లు వాళ్ళనే పట్టి చంపుతాయని డాక్టరొకాయన చెప్పారు. ఇంతమంది పోయినదానికి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదికలో నాకు దొరికింది ఒకే ఒక్క వాక్యం. "నీటి సరఫరా సిబ్బంది నిర్లక్ష్యము వలన నీరు కలుషితము చేయబడినది." మేడంకి చూపిస్తే నవ్వలేదు. "ఎవరి నిర్లక్ష్యం? వెళ్ళి కనుక్కో" అన్నారు.

కాబట్టి ఆ ఊరు వెళ్తున్నాను. బస్సులో ఒక పూట ప్రయాణం, అంతే. నీకు గుర్తున్నవన్నీ రాసి పంపు. మనం ఉన్న వీధి ఏది, నాన్నతో పనిచేసినవాళ్ళెవరు, జబ్బు ఎట్లా మొదలైంది. నాన్న గురించి కూడా రాయి. ఆయన ఫోటోలో గంభీరంగా ఉంటాడు. నిజంగా అట్లా ఉండేవాడా?

తమ్ముణ్ణి మోటార్ల షాపులో కరెంటుతో జాగ్రత్తగా ఉండమను.

ఇట్లు,
నీ ప్రశ్నలబుట్ట

---

హాస్టలు,
అక్టోబరు 17

అమ్మకి,

నమస్కారాలు. నీ కార్డు అందింది. "ఆ ఊరు వెళ్ళొద్దు. ఆ విషయం మానెయ్యి. రాజుల మీద రాసుకో, వాళ్ళకేం తక్కువ" అని మూడు ముక్కలు రాసి, మిగిలిన కార్డంతా ఖాళీగా వదిలేశావు. నువ్వెప్పుడూ కార్డు అంచుల్లో కూడా రాసి పంపే మనిషివి. ఆ ఖాళీ చూసి నాకు భయం వేసింది. కానీ కార్డు వచ్చేసరికే నేను ఆ ఊరు వెళ్ళి వచ్చేశాను. తిట్టుకోకు.

ముందుగా నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. కాపలావాడికి యూనివర్సిటీ కాగితం చూపిస్తే లోపలికి వదిలాడు. నీళ్ళు వడగట్టడానికి ఇసుక పోసిన పెద్ద పెద్ద తొట్లు, వాటి మధ్య మనిషి నడిచేంత గట్టు. పంపుల గదిలో మాట్లాడితే పక్కవాడికి వినపడదు. మూలన బ్లీచింగు పొడి బస్తాలు. ఆ గదిలో అడుగుపెట్టగానే కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఇక్కడే కదా నాన్న పనిచేశాడు అనుకుంటే, ఆ కన్నీళ్ళు పొడివో నావో నాకే తెలియలేదు.

తర్వాత వీధులు తిరిగాను. పల్లంలో ఉన్న వీధుల్లోనే ఎక్కువమంది పోయారు. ఒక ముసలామె తన ఇద్దరు కోడళ్ళ గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో లేచి వెళ్ళి బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. ఇంక నేనూ అడగలేదు. చాలామంది గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. అందరూ ఒకటే అన్నారు. పంపు ఆపరేటరు తాగుబోతట. డ్యూటీలో పడుకునేవాడట. నీళ్ళలో మందు కలపడం మరిచిపోయాడట. నేను రాసుకుంటున్నానే గానీ, అప్పట్లో ఆపరేటర్లు ఇద్దరు ముగ్గురు ఉండుంటారు, ఇంకెవరో అనుకున్నాను.

చివరికి ఒక దర్జీ దగ్గరికి పంపారు. ఆయన భార్య పోయిందట, ఆయన వివరంగా చెబుతాడని. సన్నటి కొట్టు. ఒక మిషను, గోడకి గుడ్డపేలికల మూటలు. మెడలో టేపు, చెవిమీద సుద్దముక్క. వయసు అరవై ఉండొచ్చు. "కూర్చోమ్మా, కాలేజీ పిల్లవా" అని స్టూలు తుడిచి వేశాడు. చాలా మర్యాదస్తుడమ్మా. అది ముందే చెప్పాలి.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వాళ్ళావిడకి అప్పుడు ఏడో నెల. జబ్బులు రావడానికి ఒక నెల ముందు, ఒక సాయంత్రం ఆపరేటరు వాళ్ళ వీధికి వచ్చాడు. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, "నీళ్ళు కాచి తాగండి, కడుపుతో ఉన్నవాళ్ళకి కాచని చుక్క కూడా ఇవ్వకండి" అని చెప్పుకుంటూ పోయాడు. "మా ఆవిడ నా మొహంకేసి చూసింది. నేనే అన్నాను, పొద్దస్తమానం పొయ్యిమీద నీళ్ళు పెట్టుక్కూర్చుంటే కట్టెలు వాళ్ళ బాబు తెచ్చిస్తాడా అని. ఆవిడ నవ్వింది. అంతటితో మరిచిపోయాం" అన్నాడు.

నెల తిరిగేసరికి ఆమె కళ్ళు పచ్చగా అయ్యాయి. ఆస్పత్రిలో మంచాలు లేక వరండాలో పడుకోబెట్టారు. చివర్లో ఆయన్ని కూడా గుర్తుపట్టలేదు. బిడ్డ కడుపులో ఉండగానే పోయింది. అది చెప్పేటప్పుడు ఆయన మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఊరికే వెనక్కీ ముందుకీ తిప్పుతూనే ఉన్నాడు.

"శ్మశానం నుంచి ఇంటికి పోబుద్ధి కాలేదమ్మా. నాలాగే పెళ్ళాల్ని పోగొట్టుకున్నవాళ్ళు, కూతుళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఒక గుంపు ఉన్నాం. ఎవరో అన్నారు, వాడికి ముందే తెలుసురా, తెలిసే కాచుకోమన్నాడు, తెలిసీ ఆ నీళ్ళే వదిలాడు అని. అందరం పంపు దగ్గరికి పోయాం. గుమ్మంలోనే ఉన్నాడు. పారిపోలేదు. పారిపోయుంటే బాగుండేది." చక్రం మీంచి చెయ్యి తీసి, "నేనూ కొట్టాను. నా చేతిలో కర్రా లేదు, రాయీ లేదు. ఉత్త చేతుల్తోనే. కానీ కొట్టాను" అన్నాడు. ఆ మనిషి తర్వాత ఆస్పత్రిలో పోయాడట.

ఎవరి గురించి చెప్పినా ఆ మనిషి ఎట్లా ఉండేవాడో అడగాలని మేడం నేర్పారు. అలవాటుగా అడిగాను. "బాగా పొడుగు. చిన్న కూతురుండేది. దాన్ని భుజాలమీద ఎక్కించుకుని ఆ తొట్ల గట్టుమీద తిప్పుతుండేవాడు. మా వీధి మలుపులోంచి కనిపించేది" అన్నాడు.

అమ్మా, నాకు చిన్నప్పుడు ఒక కల వస్తుండేదని చెప్పేదాన్ని గుర్తుందా? చాలా ఎత్తులోంచి కిందకి నీళ్ళు చూస్తున్నట్టు, నా చేతుల్లో ఎవరిదో జుట్టు ఉన్నట్టు. అది కలేనని నువ్వు అనేదానివి.

ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో, నేనేం రాసుకున్నానో తెలియదు. లేచి వస్తుంటే నా పొడుగుచేతుల జాకెట్టు చేతి అంచున కుట్టు విడిపోయిందని చూసి, నిలబెట్టి కుట్టి పంపించాడు. నాన్నని కొట్టిన చేతులు నా మణికట్టు దగ్గర సూది గుచ్చుకోకుండా ఎంత జాగ్రత్తగా కదిలాయో! హాస్టలుకి వచ్చి ఆ జాకెట్టు విప్పేసి పెట్టె అడుగున కుక్కాను. మళ్ళీ తొడుక్కోలేదు.

నువ్వు కామెర్లని చెప్పావు. నాలుగేళ్ళ పిల్లకి ఇంకేం చెబుతావు? ఆ తర్వాత ఎప్పుడు చెబుతావు? చెప్పడానికి మంచి రోజంటూ ఏం ఉంటుంది? దాని గురించి నాకు కోపం లేదు. నిజంగా లేదు.

కానీ ఒక్కటి మాత్రం నువ్వు చెప్పాలి. నాన్న తాగేవాడా? తాగేవాడైతే తాగేవాడనే రాయి. తట్టుకోగలను. నీ కూతుర్ని కదా.

మేడంకి నేనెవరో ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
నీ పెద్దది

---

హాస్టలు,
డిసెంబరు 12

అమ్మకి,

నమస్కారాలు. నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. తమ్ముడు రాశాడు. నా ఉత్తరం చదివి పొయ్యిలో వేశావట. రెండు పూటలు ఏమీ తినలేదట. ఆఫీసుకి మాత్రం మానకుండా వెళ్ళావట. అక్కా, నువ్వేం రాశావు, అమ్మ నాతో కూడా మాట్లాడట్లేదు అని వాడు నన్ను అడుగుతున్నాడు. వాడికి నేనేం చెప్పలేదు. నువ్వే చెప్పాలి.

నేను ఊరుకోలేకపోయాను. మేడంకి అంతా చెప్పేశాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసి, మంచినీళ్ళిచ్చి, "ఈ విషయం మార్చుకుంటానంటే ఇవాళే మారుస్తాను, ఎవరూ తప్పు పట్టరు" అన్నారు. మార్చనన్నాను. అయితే ఒక షరతు పెట్టారు. నేను రాసుకొచ్చిన మాటలన్నీ ముందేసుకుని, "తాగేవాడట, పడుకునేవాడట, మరిచిపోయాడట. చూడు, అందరూ 'ట' అన్నవాళ్ళే. మీ నాన్న తాగడం కళ్ళారా చూశానన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? ఈ 'ట' ఎక్కడ పుట్టిందో పట్టుకో. ఎవరో ఒకరు మొదట 'ట' లేకుండా చెప్పి ఉంటారు. వాళ్ళు దొరికేదాకా నీ కథ సగమే" అన్నారు.

మళ్ళీ వెళ్ళాను. నాన్నతో రెండో షిఫ్టులో పనిచేసినాయన బతికే ఉన్నాడు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. మాట ముద్దగా వస్తుంది. ఆయన భార్య పక్కన కూర్చుని ఒక్కొక్క ముక్కే విడదీసి నాకు చెప్పింది. నేను ఫలానా వాళ్ళమ్మాయినని చెప్పగానే ఆయన మంచి చేత్తో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మాట్లాడినంతసేపూ అలాగే ఉన్నాడు.

నాన్న తాగేవాడు కాదు, అమ్మా. చుట్ట కూడా ముట్టేవాడు కాదట. షిఫ్టు మారేటప్పుడు వాసన పడదని ఈయన్ని బయట కాల్చుకుని రమ్మనేవాడట.

జరిగింది ఇది. ఎవరో పెద్దాయన వస్తున్నాడని పల్లపు వీధుల మీదుగా కొత్తరోడ్డు వేశారు. ఆ రోడ్డు కింద మంచినీళ్ళ పైపు పగిలింది. పక్కనే మురుగు కాలువ. పంపు ఆపినప్పుడల్లా మురుగు పైపులోకి లాగేది. కుళాయి నీళ్ళు వాసనొస్తున్నాయని నాన్న కనిపెట్టి, రోడ్డు తవ్వి పైపు బాగుచెయ్యాలి, అప్పటిదాకా ఆ వీధులకి నీళ్ళు ఆపెయ్యాలి అని ఇంజనీరుకి చెప్పాడు. ఈయన అప్పుడు పక్కనే ఉన్నాడు. ఇంజనీరు అన్న మాట ఈయనకి ఇంకా గుర్తే. "వేసిన రోడ్డు వారం తిరక్కుండా తవ్వితే నా తల తీస్తారు. ఇంకాస్త పొడి వెయ్యి. ఊళ్ళో నోరెత్తావో, నీకు ఉద్యోగం ఉండదు." ఆ పొడేమో ఎప్పటిదో, చచ్చిపోయిన పొడి. బస్తా విప్పితే ముక్కుకి ఏమీ తగిలేది కాదట. మట్టి కలిపినా ఒకటే, అది కలిపినా ఒకటే.

నాన్న ఉద్యోగం పోతుందని తెలిసే, డ్యూటీ దిగాక వీధి వీధీ తిరిగి నీళ్ళు కాచుకోమని చెప్పాడు. "నన్ను కూడా రమ్మన్నాడు. నేను పోలేదు" అని ఆయన చెప్పిన మాట భార్య నాకు చెప్పలేదు. అది ఒక్కటే ఆయన నోట స్పష్టంగా వచ్చింది. నాకే అర్థమైంది.

ఆయన్ని పట్టుకుని విచారణలో ఈ సంగతులు ఎందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నాను. ఆ మంచం చూసి అడగలేకపోయాను. ఇంజనీరు సంగతి అడిగితే, పెద్ద పదవి దాకా వెళ్ళి రిటైరై, పోయిన ఏడే పోయాడని చెప్పారు. మంచి చావే వచ్చిందట. నిద్రలో.

అక్కణ్ణుంచి తిన్నగా దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నీకు చెప్పాలి. ఆయన్ని ఏడిపించాలని వెళ్ళాను. ఇన్నాళ్ళూ హాయిగా మిషను తొక్కుకుంటున్నావు కదా, ఇప్పుడు తెలుసుకో, అని మొహం మీద కొట్టినట్టు చెప్పాలనుకున్నాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను.

ఆయన ఏదో స్కూలు గుడ్డలు కుడుతున్నాడు. నన్ను చూసి సంతోషపడి స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. "ఆ పొడుగాయన భుజాలమీద ఉండే పిల్లని నేనే" అన్నాను. మిషను ఆగిపోయింది. పైపు సంగతీ, రోడ్డు సంగతీ, చచ్చిన పొడి సంగతీ, ఇంజనీరు బెదిరింపూ అన్నీ గడగడా చెప్పేశాను. "మీ ఇంటికి వచ్చి కాచుకోమని చెప్పాడే, అది ఉద్యోగం పోయినా సరేనని చెప్పాడు" అన్నాను. కూడబెట్టుకున్న మాటలు సగం కూడా గుర్తురాలేదు.

ఆయన ఏడవలేదమ్మా. మెడలో టేపు తీసి, వేలికి చుట్టి చుట్టి చిన్న ఉండ చేసి సొరుగులో పెట్టాడు. నన్ను పైనుంచి కిందదాకా చూసి, "ఎత్తు ఆయనదే వచ్చింది" అన్నాడు. ఎవరో గుడ్డలకని వస్తే, ఇవాళ కొట్టు లేదని పంపేశాడు. తర్వాత, "నేను కట్టెలకి లెక్క చూసుకున్నాను. అది మాత్రం ఇన్నేళ్ళూ తెలుసు. ఆయన చెప్పాడు, నేను వినలేదు. ఆ సంగతి తలుచుకోకుండా ఉండాలంటే ఆయన దొంగై తీరాలి. అందుకే కొట్టానేమో" అన్నాడు. మళ్ళీ కాసేపటికి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. సంచీ భుజాన వేసుకున్నాను. వచ్చేశాను.

అమ్మా, ఈ రెండేళ్ళ చదువూ నన్ను ఇక్కడికి తెస్తుందనుకోలేదు. చరిత్రంటే ఎవరివో ఎప్పటివో పాత సంగతులు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునేవి అనుకుని చేరాను. ఇప్పుడు నా డిసర్టేషన్లో నాన్నని "ఆపరేటరు" అనే రాస్తున్నాను. "మా నాన్న" అని రాయకూడదని మేడం అన్నారు. రాసేటప్పుడు చెయ్యి దానంతటదే ఆగిపోతోంది. ముందు పేజీలో మాత్రం నేనెవరో ఒక వాక్యంలో చెప్పుకోవాలట, చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి. ఆ వాక్యం ఇంకా రాయలేదు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా రాశాను. నీరు కలుషితం చేయబడలేదు. ఫలానా ఇంజనీరు ఫలానా పైపు బాగుచెయ్యనివ్వలేదు. ఆపరేటరు చెప్పాడు. ఎవరూ వినలేదు. "బడు"లు లేవు.

సోమవారం ఇచ్చెయ్యాలి. నెలాఖరులో వైవా. ఈ శనివారం ఇంటికి వస్తున్నాను. వంటా అదీ పెట్టుకుని శ్రమపడకు.

ఇట్లు,
నీ కూతురు

మళ్ళీ రాస్తున్నది: కవరు అంటించి కూడా మళ్ళీ విప్పాను. దర్జీ అడిగిన ప్రశ్న పైన రాయకుండా దాటేశాను. నువ్వు నాకు కామెర్లని చెప్పినట్టే అది కూడా. అందుకని రాస్తున్నాను.

"అయితే మీ అమ్మ ఎందుకలా చెప్పిందమ్మా?" అని అడిగాడు.

విచారణ పెట్టిన రోజు ఆయనా ఉన్నాడట ఆ హాల్లో. నాన్న పోయి ఎన్నో రోజులు కాలేదు. నువ్వు తమ్ముణ్ణి చంకనెత్తుకుని, నన్ను పక్కన నిలబెట్టుకుని, అందరి ముందూ చెప్పావట. మా ఆయన తాగుతాడు, డ్యూటీకి తాగే పోతాడు, అక్కడే పడుకుంటాడు అని. ఊరంతా "ట" అన్నవాళ్ళే. నువ్వొక్కదానివే "ట" లేకుండా చెప్పావు. "కట్టుకున్నదే చెప్పాక ఇంక అనుమానమేముంది? ఆ రోజు ఇంటికి పోయి, మా ఆవిడ పోయాక మొదటిసారి ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను" అన్నాడు. నేనూ అక్కడే ఉన్నానట, నీ కొంగు పట్టుకుని. నాకేమీ గుర్తులేదు.

ఆ వెంటనే నీకు ఇంకో ఊళ్ళో ఆఫీసులో అటెండరు ఉద్యోగం, మనకి ఉండటానికి క్వార్టరూ వచ్చాయి. ఎవరొచ్చి ఏమని అడిగుంటారో ఊహించగలను. పోయినవాడికి ఇంక ఏం పోతుంది, ఉన్నవాళ్ళ సంగతి చూసుకో అని ఉంటారు. వాళ్ళు అన్నది అబద్ధం కూడా కాదు. ఆ ఉద్యోగంతోనే నువ్వు మమ్మల్ని పెంచావు. ఆ జీతంతోనే నేను ఇక్కడ కూర్చుని ఈ చదువు చదువుతున్నాను. నీ స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో రోజూ ఆలోచిస్తున్నాను. నువ్వు చేసిందే చేసేదాన్నేమో. కానీ నాన్న ఆ గుమ్మంలోంచి పారిపోకుండా నిలబడ్డాడు. అది కూడా రోజూ ఆలోచిస్తున్నాను.

ఆ పేజీ రాశాను. "మృతుని భార్య" అని పెట్టాను, పేరు పెట్టలేదు. నువ్వు చదవకుండా ఇవ్వను. చదివి వద్దన్నా, ఇవ్వకుండా ఉండలేను. నన్ను ఏమన్నా అను, కొట్టినా సరే.

ఇంకొకటి. నేను ఒక్కదాన్నే రావట్లేదు. దర్జీ కూడా వస్తానంటున్నాడు. నిన్ను నిలదీయడానికి కాదట. నీ ముందు కూర్చుని, ఆ రోజు తన చేతులతో ఏం చేశాడో నీకు చెప్పుకోవాలట, ఆ తర్వాత నువ్వేమన్నా సరేనట. వద్దనలేకపోయాను. ఆయనకి ఒకటే బెంగ, "ఆవిడ తలుపు తీస్తుందంటావా" అని రెండుసార్లు అడిగాడు. తీస్తుందని చెప్పాను.